నివురు లేవకుండా బూడిద ఎత్తడం ఎలా?

అమెరికాలో పెన్సిల్వేనియా అనే రాష్ట్రం ఉంది. దాని ఈశాన్య భాగంలో శీతకాలం చాలా కఠినంగా ఉంటుంది. బయట మంచు గడ్డకట్టి ఉంటే, ఇంట్లో గదులు వెచ్చగా ఉండాలి గదా! అందుకోసం అక్కడి కొన్ని ఇళ్ళలో ఈనాటికీ బొగ్గు పొయ్యి మండిస్తారు.

అలాంటి ఒక ఇంటిని ఊహించుకోండి. తెల్లవారింది. ఇల్లాలు పొయ్యి అడుగున ఉన్న ఇనుప సొరుగును బయటికి లాగింది. దాని నిండా బూడిద. ఒక్క చిటికెడు కూడా నేలమీద ఒలకకుండా దాన్ని బకెట్టులోకి వంచింది. తర్వాత నేలవంక చూసింది. శుభ్రంగా ఉంది. తన నేర్పుకు తనే సంతోషించింది.

సాయంత్రం బల్లమీద వేలితో గీత గీస్తే, వేలికి బూడిదరంగు పొడి అంటుకుంది!

ఏమీ ఒలకలేదే, మరి ఈ పొడి ఎక్కడి నుంచి వచ్చింది? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎక్కడ దాక్కుంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెదుకుదాం. ఇది బల్ల తుడుచుకోవడంతో తీరిపోయే సంగతి కాదు. ఆ పొడి బల్లమీదికి చేరకముందు గాలిలో ఉంది. ఆ గాలినే ఇంటిల్లిపాదీ రోజంతా పీల్చారు.

ఇల్లు కాచే పొయ్యి

మన కుంపటిని మీరు చూసే ఉంటారు. బొగ్గుల కింద చిల్లులు, ఆ చిల్లుల కింద బూడిద రాలే చోటు, పక్కన గాలి పోయేందుకు ఒక నోరు. చలిదేశాల బొగ్గు పొయ్యి కూడా సూత్రంలో ఇంతే. కాకపోతే అది దళసరి ఇనుముతో చేసిన, తలుపులున్న పెద్ద పెట్టె. అందులో నిప్పు శీతకాలమంతా ఆరకుండా ఉంటుంది. పొగ గదిలోకి రాకుండా ఒక గొట్టం గుండా కప్పుమీదికి పోతుంది.

ఈశాన్య పెన్సిల్వేనియాలో దొరికే బొగ్గు ఆంత్రసైట్ రకం. అది రాయిలా గట్టిగా, నల్లగా మెరుస్తూ ఉంటుంది. పొగ తక్కువ, వేడి ఎక్కువ. అయితే అంత సులభంగా అంటుకోదు. మొదట్లో దీన్ని ఇళ్ళలో ఎలా మండించాలో చాలామందికి తెలిసేది కాదు. 1808వ సంవత్సరం ఫిబ్రవరి 11న విల్క్స్‌బారీ అనే ఊళ్ళో జెస్సీ ఫెల్ అనే ఆయన ఇనుప చువ్వల జాలీమీద ఈ బొగ్గును పేర్చి, మామూలు ఇంటి పొయ్యిలో చక్కగా మండించి చూపాడు. దీనిలోని కిటుకు ఏమిటి? జాలీ కింది నుంచి గాలి బొగ్గులోకి ధారాళంగా వస్తుంది. కాలగా మిగిలిన బూడిద చువ్వల సందుల్లోంచి కిందికి రాలిపోయి గాలికి దారి ఇస్తుంది.

ఇదే జాలీ నేటి పొయ్యిలో కూడా ఉంది. పొయ్యి బయట ఉన్న పిడిని పట్టుకుని ఇటూ అటూ కదిలిస్తే జాలీ ఊగుతుంది. బూడిద అడుగున ఉన్న సొరుగులో పడుతుంది. ఈ పని రోజుకు ఒకసారో రెండుసార్లో చేయాలి. చేయకపోతే గాలి దారి మూసుకుపోయి నిప్పు ఆరిపోతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక ఇంట్లో రోజుకు 20 కిలోల బొగ్గు కాలిందనుకోండి. అందులో బూడిద పాలు నూటికి 10 అయితే, రోజుకు 2 కిలోల బూడిద వస్తుంది. నాలుగు నెలల శీతకాలానికి 240 కిలోలు! అంటే రెండు క్వింటాళ్ళ పైమాట. ఇదంతా ఎవరో ఒకరు చేత్తో ఎత్తి బయటికి మోయవలసిందే.

బూడిద అంటే ఏమిటి?

బొగ్గులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా మారి పోతుంది. కాలనిది బూడిద. కోట్లాది సంవత్సరాల క్రితం చెట్లు భూమిలో పూడిపోయి బొగ్గుగా మారేటప్పుడు వాటితో పాటు చేరిన మట్టి, ఇసుకలే అందులో ముఖ్యభాగం. కనుక బూడిదలో సిలికా, అల్యూమినియం ఆక్సైడ్, ఐరన్ ఆక్సైడ్, కొంత కాల్షియం ఆక్సైడ్ ఉంటాయి. ఆర్సెనిక్, సీసం వంటి హానికరమైన మూలకాలు కూడా కొద్ది పాళ్ళలో ఉంటాయి.

బూడిద కణాలన్నీ ఒకే సైజులో ఉండవు. కందిగింజంత గట్టి పెళ్ళలు ఉంటాయి. ఇసుకరేణువుల వంటివి ఉంటాయి. పిండి వంటివి ఉంటాయి. పిండికన్నా ఎంతో సన్ననివి కూడా ఉంటాయి. వీటిని కొలవడానికి మిల్లీమీటరు చాలదు. మిల్లీమీటరులో వెయ్యోవంతును మైక్రాన్ అంటారు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 50 మైక్రాన్ల కంటే చిన్న కణాన్ని ఒంటరిగా చూడడం మామూలు కంటికి కష్టం.

ఆ ఇల్లాలు నేలవంక చూసి శుభ్రంగా ఉందనుకున్నది గదా! ఆమె కన్ను 50 మైక్రాన్ల దాకానే సాక్ష్యం చెప్పగలదు. అసలు దొంగ అంతకంటే చిన్నవాడు.

ఎంతసేపు పడుతుంది?

రాయినీ, కాగితం ముక్కనూ ఒకే ఎత్తు నుంచి వదిలితే రాయి ముందు నేలను చేరుతుంది. గాలి నిరోధమే దీనికి కారణమని మీకు తెలుసు. దుమ్ము కణానికి కూడా ఇదే వర్తిస్తుంది. కణం కిందికి పడడం మొదలుపెడుతుంది. వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం పెరుగుతుంది. ఒక దశలో నిరోధం కణం బరువుకు సమానమవుతుంది. ఇక అక్కడి నుంచి వేగం పెరగదు. దీనినే చరమవేగం అంటారు.

ఈ వేగాన్ని లెక్కగట్టే సూత్రాన్ని 1851లో జార్జి గాబ్రియల్ స్టోక్స్ ఇచ్చాడు. ఆయన ఐర్లండులో పుట్టి కేంబ్రిడ్జిలో పనిచేసిన గణితశాస్త్రవేత్త. ఆయన సూత్రం సారాంశం ఇది. కణం బరువు దాని వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. గాలి స్నిగ్ధత వల్ల కలిగే నిరోధం వ్యాసాన్నీ, వేగాన్నీ బట్టి ఉంటుంది. రెండూ సమానం కావాలంటే, చరమవేగం వ్యాసం వర్గానికి అనులోమానుపాతంలో ఉండాలి. అంటే, కణం వ్యాసం పదోవంతుకు తగ్గితే అది పడే వేగం నూరోవంతుకు తగ్గిపోతుంది!

ఇప్పుడు బూడిద కణాలను నిశ్చలంగా ఉన్న గాలిలో ఒక మీటరు ఎత్తు నుంచి వదులుదాం. 100 మైక్రాన్ల కణం రెండు మూడు సెకన్లలో నేలకు చేరుతుంది. 10 మైక్రాన్ల కణానికి సుమారు రెండున్నర నిమిషాలు పడుతుంది. 2.5 మైక్రాన్ల కణానికి దాదాపు 40 నిమిషాలు. ఒక మైక్రాన్ కణానికి మూడున్నర గంటలు దాటుతుంది!

అది కూడా గాలి ఏమాత్రం కదలకపోతేనే సుమా! గదిలో మనిషి నడిచినా, తలుపు తీసినా, పొయ్యి వేడికి గాలి పైకి లేచినా, సెకనుకు కొన్ని సెంటీమీటర్ల వేగంతో గాలి కదులుతుంది. సెకనుకు మిల్లీమీటరులో పదోవంతు కూడా పడని కణానికి అది తుపాను వంటిది. కనుక అది పడుతూ లేస్తూ రోజంతా గదిలో తిరుగుతూనే ఉంటుంది.

మన రెండు ప్రశ్నలకూ జవాబు దొరికింది. పొద్దున బకెట్టులోకి బూడిద వంచినప్పుడే ఆ పొడి గాలిలోకి లేచింది. సాయంత్రం దాకా గాలిలోనే ఉంది.

మీరే చేసి చూడండి

ఈ ప్రయోగానికి బొగ్గు బూడిద వాడకండి. మీ తరగతిలోని సుద్దముక్కల డస్టరు చాలు. పెంకుటింటి కప్పు సందులోంచో, కిటికీ రంధ్రంలోంచో ఎండ పొడ పడుతున్న చీకటి గదిని ఎన్నుకోండి. అది దొరకకపోతే చీకట్లో టార్చిలైటు వెలిగించి బల్లమీద పెట్టండి. డస్టరును ఆ వెలుగు పక్కన ఒకే ఒక్కసారి మెల్లగా తట్టి, దూరంగా జరగండి. ముక్కుకు రుమాలు కట్టుకోండి.

ముందు పెద్ద పొడి జలజలా రాలిపోతుంది. తర్వాత వెలుగులో సన్నని చుక్కలు మెరుస్తూ అటూ ఇటూ ఈదుతాయి. గడియారం చూస్తూ ఉండండి. అయిదు నిమిషాలైనా అవి మాయం కావు. ఇప్పుడు లైటు తీసి గదిలో మామూలుగా చూడండి. గాలి నిర్మలంగా కనిపిస్తుంది! ఆ కణాలు పోలేదు. వాటిమీద పడి మన కంటికి చేరే వెలుగు మాత్రమే పోయింది.

ఇదే ప్రయోగాన్ని మరో విధంగా కూడా చేయవచ్చు. ఒక చెంచా బియ్యప్పిండిని గిన్నెలోకి ఒకసారి మూరెడు ఎత్తు నుంచి పోయండి. ఇంకోసారి చెంచాను గిన్నె అడుగుకు ఆనించి మెల్లగా వంచండి. దగ్గరలో దీపం, పొయ్యి ఉండకూడదు. రెండింటికీ తేడా వెలుగులో మీరే చూస్తారు. ఈ తేడాను గుర్తుంచుకోండి. ముందు ముందు పనికివస్తుంది.

ముక్కు కాపలా ఎంతవరకు?

మన ముక్కులోని వెంట్రుకలు, చీమిడి పెద్ద కణాలను పట్టేస్తాయి. అంతకంటే చిన్నవి శ్వాసనాళాల గోడలకు అంటుకుంటాయి. ఆ గోడలమీద శైలికలు అనే సన్నని నూగు ఉంటుంది. అవి నిరంతరం కదులుతూ దుమ్మునూ, శ్లేష్మాన్నీ గొంతువైపు నెడతాయి. మనం దగ్గి ఉమ్మేస్తాం, లేదా మింగేస్తాం.

అయితే సుమారు 4 మైక్రాన్ల కంటే చిన్న కణాలు ఈ కాపలాదారులందరినీ తప్పించుకుని, ఊపిరితిత్తుల చివర ఉన్న వాయుగోణుల దాకా పోగలవు. అక్కడ శైలికలు లేవు. ఒక రకం తెల్ల రక్తకణాలు వచ్చి దుమ్మును మింగడమే అక్కడి ఏర్పాటు. దుమ్ము స్ఫటిక సిలికా అయితే, మింగిన కణమే చచ్చిపోతుంది. అలా పదే పదే జరిగితే ఊపిరితిత్తిలో మచ్చలు కడతాయి. రాళ్ళు కొట్టేవారికి, గనుల్లో పనిచేసేవారికి వచ్చే సిలికోసిస్ జబ్బు ఇటువంటిదే.

ఇంట్లో బూడిద ఎత్తినంత మాత్రాన ఆ జబ్బు వస్తుందని భయపడనక్కరలేదు. గనిలో పీల్చే దుమ్ముకూ ఇంటి దుమ్ముకూ పరిమాణంలో చాలా తేడా ఉంది. కానీ ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు, ముసలివారికి కొద్ది దుమ్ము కూడా కష్టమే. ఎంత కొద్ది? ఇంకో లెక్క చూడండి. పొడవు 4 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు ఉన్న గదిలో 48 ఘనమీటర్ల గాలి ఉంటుంది. అందులో గ్రాములో పదోవంతు సన్నని బూడిద లేచిందనుకోండి. ఘనమీటరుకు 2,000 మైక్రోగ్రాముల పైగా అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు, 10 మైక్రాన్లలోపు కణాలకు ఒక రోజు సగటున 45 మైక్రోగ్రాములు మాత్రమే. బూడిద లేచిన క్షణంలో ఉన్న దుమ్ము రోజంతా అంతే ఉండదు, నిజమే. అయినా 2 కిలోల బూడిదలోంచి ఒక చిన్న చిటికెడు లేస్తే చాలు, గది గాలి ఎంత చెడుతుందో తెలిసింది గదా!

దుమ్మును లేపేవి నాలుగు

శత్రువును గెలవాలంటే అతని బలం తెలుసుకోవాలి. బూడిద తనంతట తాను ఎగరదు. దాన్ని లేపేది గాలి. ఆ గాలి నాలుగు విధాల పుడుతుంది.

మొదటిది, ఎత్తు నుంచి పోయడం. పడే బూడిద తన వెంట గాలిని కూడా లాక్కుపోతుంది. అడుగున కొట్టుకుని ఆ గాలి పక్కలకు చిమ్ముతుంది. ఎత్తు పెరిగేకొద్దీ ఇది పెరుగుతుంది. బియ్యప్పిండి ప్రయోగంలో మీరు చూసింది ఇదే.

రెండవది, బకెట్టులోని గాలి. ఖాళీ బకెట్టు నిజంగా ఖాళీ కాదు. అందులో 5 లీటర్ల బూడిద పోస్తే 5 లీటర్ల గాలి బయటికి రావలసిందే. అది ఊరికే రాదు, సన్నని దుమ్మును వెంటబెట్టుకుని వస్తుంది. అదీ, వంగి పోస్తున్న మనిషి ముఖం మీదికే!

మూడవది, బూడిద వేడి. వేడి బూడిదను తాకిన గాలి వేడెక్కి, సాంద్రత తగ్గి, పైకి లేస్తుంది. దీన్నే సంవహనం అంటారు. సన్నని కణాలను మోసుకుపోవడానికి ఆ చిన్న ప్రవాహమే చాలు.

నాలుగవది, మన కదలికలు. ఫ్యాను, తలుపు, హడావిడి నడక, పొడి చీపురు. ఇవన్నీ కింద కూర్చున్న దుమ్మును మళ్ళీ లేపుతాయి.

ఈ నాలుగింటినీ ఒక్కొక్కటిగా అణచడమే బూడిద ఎత్తడంలోని నేర్పు. వేరే రహస్యం ఏమీ లేదు.

పొగగొట్టం మన మిత్రుడు

పొయ్యి వెలుగుతున్నంతసేపూ పొగగొట్టంలోని వేడిగాలి పైకి పోతూ ఉంటుంది. దాని స్థానంలోకి పొయ్యి నోటి గుండా గదిలోని గాలి లోపలికి వస్తుంది. అంటే పొయ్యి ఒక దుమ్ము పీల్చే యంత్రం అన్నమాట! తెలివైనవారు దీన్ని వాడుకుంటారు.

జాలీని ఊపేముందు పొగగొట్టంలో ఉన్న తిప్పుడు రేకును పూర్తిగా తెరవాలి. బూడిద సొరుగు తలుపు మూసే ఉంచి, జాలీని చిన్న చిన్న ఊపులతో కదిలించాలి. సొరుగులో ఒకటి రెండు ఎర్రని నిప్పు కణికలు పడగానే ఆపాలి. అంతకు మించి ఊపితే మండే బొగ్గు కూడా కిందికి రాలుతుంది.

ఊపిన వెంటనే తలుపు తీయకూడదు. కనీసం అయిదు నిమిషాలు ఆగాలి. ఎందుకో మీరే చెప్పగలరు. పొయ్యి లోపల లేచిన 10 మైక్రాన్ల కణాలు ఆ కొద్ది ఎత్తు నుంచి ఒకటి రెండు నిమిషాల్లో సొరుగులో పడిపోతాయి. అంతకంటే సన్ననివాటిలో చాలా భాగాన్ని పొగగొట్టం పైకి లాగేస్తుంది. తర్వాత సొరుగును నెమ్మదిగా లాగి, ముందుగా కొలతకు చేయించుకున్న రేకు మూతను దానిమీద వేయాలి. సొరుగును అంచుదాకా నింపకుండా, ముందే ఖాళీ చేసుకోవాలి.

బూడిద తలుపును వెంటనే మూసేయడం మరవకూడదు. తెరిచి మరచిపోతే కింది నుంచి గాలి విపరీతంగా పోయి, నిప్పు రాజుకుని, పొయ్యి ఇనుమే ఎర్రబారే ప్రమాదం ఉంది.

ఇక సొరుగును బయటికి తీసుకుపోవాలి. బకెట్టులో వంచే పని ఇంట్లో ఎప్పుడూ చేయకూడదు. బకెట్టు లోహపుదై ఉండాలి, బిగువైన మూత ఉండాలి. ఆరుబయట గాలి వీస్తుంటే ఎటు తిరిగి నిలబడాలి? ఎదురుగాలి అయితే బూడిద ముఖాన కొడుతుంది. గాలి వీపున తగిలేలా నిలబడితే మంచిదని మీరు అనవచ్చు. అదీ పూర్తిగా సరికాదు. ఏటి నీటిలో బండరాయి వెనక సుడి తిరిగినట్లే, మన శరీరానికి అవతలి వైపున గాలి సుడి తిరిగి, దుమ్మును ముఖం మీదికి తెస్తుంది. గాలి ఒక పక్కనుంచి వచ్చి రెండో పక్కకు పోయేలా నిలబడడం మేలు.

సొరుగు అంచును బకెట్టు లోపల వీలైనంత కిందికి ఆనించి, బూడిద జారేలా మెల్లగా వంచాలి. కొట్టకూడదు, దులపకూడదు. వెంటనే మూత పెట్టాలి. లోపల లేచిన దుమ్ము లోపలే కూర్చుంటుంది.

మాస్కు సంగతి. మామూలు రుమాలు పెద్ద కణాలను మాత్రమే ఆపుతుంది. ఎన్-95 అనే రకం మాస్కు, పట్టడానికి మహా కష్టమైన 0.3 మైక్రాన్ల కణాలలో కూడా నూటికి 95 ఆపుతుంది. అయితే ముఖానికి సందు లేకుండా అతుక్కుని ఉంటేనే.

ఇంట్లో నేలమీద పడ్డ కాస్త పొడిని పొడి చీపురుతో ఊడవకూడదు. తడిగుడ్డతో తుడవాలి. మామూలు వాక్యూమ్ క్లీనరు పనికిరాదు. దాని సంచి పెద్ద పొడిని పట్టి, సన్నని పొడిని వెనకనుంచి గదిలోకి ఊదేస్తుంది. పైగా చిన్న నిప్పురవ్వ లోపలికి పోతే సంచి అంటుకుంటుంది. ఇందుకోసం లోహపు డొక్క, హెపా అనే సన్నని వడపోత ఉన్న ప్రత్యేక యంత్రాలు దొరుకుతాయి. వాటితో కూడా చల్లారిన బూడిదనే తీయాలి.

నీళ్ళు చల్లితే పోదా?

“ఇంత శ్రమ ఎందుకు మాస్టారూ! చెంబెడు నీళ్ళు కుమ్మరిస్తే దుమ్ము అణగదా?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. సముద్రపు ఒడ్డున తడి ఇసుకతో గూళ్ళు కట్టారు గదా! రేణువుల మధ్య చేరిన నీటిపొర తన తలతన్యతతో వాటిని కలిపి పట్టుకుంటుంది. బూడిద కణాలనూ అలాగే పట్టుకుంటుంది. కనుక పూర్తిగా చల్లారిన బూడిదమీద, ఆరుబయట, సన్నని తుంపర చల్లడం మంచి పద్ధతే.

కానీ వేడి బూడిదమీద నీళ్ళు పోయడం చాలా ప్రమాదం. నీరు ఆవిరిగా మారితే దాని ఘనపరిమాణం సుమారు 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. బూడిద లోపల ఒక్కసారిగా పుట్టిన ఆవిరి, పైనున్న బూడిదనంతా వేడివేడిగా ముఖం మీదికి చిమ్ముతుంది. అణుగుతుందనుకున్న దుమ్ము రెట్టింపు లేస్తుంది. ఇంతటితో ఆగదు. ఎర్రగా కాగిన బొగ్గుతో నీటి ఆవిరి కలిస్తే ఏమి పుడుతుందో మీ రసాయనశాస్త్ర పాఠంలో ఉంది. కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్. ఈ మిశ్రమాన్నే జలవాయువు అంటాం. మొదటిది విషం, రెండవది మండే వాయువు!

నివురుగప్పిన నిప్పు

పైకి శాంతంగా కనిపించి లోపల రగిలేవారిని మన పెద్దలు “నివురుగప్పిన నిప్పు” అంటారు. ఈ మాట పుట్టించినవారు పొయ్యిని ఎంత బాగా గమనించారో చూడండి. నివురు అంటే నిప్పుమీద పట్టే సన్నని బూడిద పొర. అది వేడిని బయటికి పోనివ్వదు. గాలిని కూడా కొద్దికొద్దిగానే లోపలికి రానిస్తుంది. అందువల్ల నిప్పు త్వరగా కాలిపోదు, త్వరగా ఆరిపోదు. చల్లారినట్లు కనిపించే బూడిదలో నిప్పు కణికలు రోజుల తరబడి బతికి ఉండగలవు.

ఇందులో ఇంకో అపాయం ఉంది. గాలి చాలనప్పుడు కార్బన్ పూర్తిగా కాలదు. కార్బన్ డయాక్సైడుకు బదులు కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఫలితంగా మెదడుకు, గుండెకు ఆక్సిజన్ అందదు. తలనొప్పి, వాంతి వచ్చినట్లుండడం, మత్తు. నిద్రలో ఉన్నవారు మేల్కొనరు. ఉత్తరభారతంలో చలి రాత్రులు గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులన్నీ బిగించి పడుకున్నవారు తెల్లవారేసరికి చనిపోయిన వార్తలు మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

అందుకే బూడిద బకెట్టును రాత్రికి ఇంట్లో ఓ మూల పెట్టి, పొద్దున పారేద్దాం అనుకోకూడదు. వసారాలో చెక్క నేలమీద, కారు షెడ్డులో కూడా పెట్టకూడదు. ఇంటికి కనీసం 10 అడుగుల దూరంలో, మట్టిమీదనో రాతిమీదనో మూతతో ఉంచాలి. అట్టపెట్టె, గోనెసంచి, ప్లాస్టిక్ బకెట్టు పనికిరావు. బొగ్గు పొయ్యి ఉన్న ఇంట్లో కార్బన్ మోనాక్సైడును పసిగట్టి మోగే యంత్రం తప్పక ఉండాలి.

శీతకాలం ముగిశాక పొయ్యి ఆర్పినప్పుడు పొగగొట్టంలో పేరుకున్న సన్నని బూడిదను కూడా తీసేయాలి. అందులో గంధకపు సమ్మేళనాలు ఉంటాయి. వేసవి గాలిలోని చెమ్మ తగిలితే ఆమ్లం ఏర్పడి గొట్టం రేకును తినేస్తుంది. మర్నాటి చలికాలానికి గొట్టానికి చిల్లులు పడితే, పైకి పోవలసిన విషవాయువు గదిలోకి వస్తుంది.

ఆ బూడిద ఏమవుతుంది?

ఇంగ్లండులో చెత్తకుండీని “డస్ట్ బిన్” అనడం మీరు విన్నారు. అక్కడ డస్ట్ అంటే మొదట్లో ఇంటి పొయ్యిలోని బొగ్గు బూడిదే! 19వ శతాబ్దంలో లండను నగరంలో ఇంటింటి బూడిదనూ బళ్ళలో తోలుకుపోయి కొండల్లా పోసేవారు. దాన్ని జల్లెడ పట్టి, సన్నని బూడిదను ఇటుకమట్టిలో కలిపేవారు. జల్లెడలో మిగిలిన కాలీకాలని బొగ్గు ముక్కలు ఇటుకలు కాల్చడానికి పనికివచ్చేవి. జల్లెడ పట్టేవారిలో ఆడవాళ్ళు చాలామంది ఉండేవారు. రోజంతా ఆ దుమ్ములో మోకాలిలోతున నిలబడి పనిచేసిన వారి ఊపిరితిత్తుల గతి ఏమిటో మీరు ఇప్పుడు ఊహించగలరు.

పెన్సిల్వేనియాలో గరుకు బూడిదను మంచు గడ్డకట్టిన బాటలమీద చల్లుతారు. కాలు జారకుండా పట్టు ఇస్తుంది. కానీ కూరగాయల మళ్ళలో వేయడం మంచిది కాదు. మన పెరట్లో మొక్కలకు వేసేది కట్టెల బూడిద. దానిలో మొక్కలకు కావలసిన పొటాషియం ఉంటుంది. బొగ్గు బూడిదలో ఆ మేలు తక్కువ, ఆర్సెనిక్ వంటివాటి బెడద ఎక్కువ. రెండూ బూడిదలే గదా అనుకోకూడదు.

ఇళ్ళలో బొగ్గు కాల్చడం నానాటికీ తగ్గిపోతోంది. 1952 డిసెంబరులో లండనును కమ్మిన పొగమంచు వేలమందిని బలిగొన్నది. దాని తర్వాత 1956లో అక్కడ పరిశుభ్ర వాయు చట్టం వచ్చింది. పోలండులోని క్రాకోవ్ నగరం 2019 సెప్టెంబరు 1 నుంచి ఇళ్ళలో బొగ్గు, కట్టె కాల్చడాన్ని నిషేధించింది. ఇంగ్లండులో పొగ వచ్చే ఇంటి బొగ్గు అమ్మకం 2023 మే నెలతో ఆగిపోయింది.

మన దగ్గర

మన వాతావరణానికి ఇల్లు కాచే పొయ్యి అక్కరలేదు. కానీ బొగ్గు బూడిద మనకు చుట్టమే. 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనిపించింది. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి గనుల బొగ్గు నేడు రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల విద్యుత్తుగా మారుతోంది. మన దేశంలో విద్యుత్ కేంద్రాలకు పోయే బొగ్గులో బూడిద పాలు సాధారణంగా నూటికి 30 నుంచి 45 వరకు ఉంటుంది. పెన్సిల్వేనియా ఇల్లాలు సొరుగుతో మోసేదాన్ని ఇక్కడ టన్నులతో కొలవాలి.

అయినా సూత్రాలు అవే. పొగలోని సన్నని బూడిద తనంతట తాను పడదు కనుక, దానికి విద్యుదావేశం ఇచ్చి లోహపు పలకలకు అంటుకునేలా చేస్తారు. చాలాచోట్ల నీటితో కలిపి గొట్టాలగుండా బూడిద చెరువులకు పంపుతారు. ఎండకు ఆ చెరువు పైపొర ఆరితే గాలికి బూడిద లేచి చుట్టుపక్కల ఊళ్ళమీద పడుతుంది. అలా జరగకుండా తడుపుతూ ఉండాలి, లేదా పైన మట్టి కప్పాలి. ఈ బూడిదతో సిమెంటు, ఇటుకలు కూడా చేస్తున్నారు.

బడిలో మేము నల్లబల్ల తుడిచే డస్టరుకూ ఈ సూత్రాలే వర్తిస్తాయి. దాన్ని కిటికీ గోడకు బాది దులపవద్దు. బయటికి తీసుకుపోయి, గాలి పక్కనుంచి వచ్చేలా నిలబడి, తడిగుడ్డమీద మెల్లగా రుద్దండి. ఇంట్లో అమ్మ పొయ్యి బూడిద ఎత్తుతుంటే ఫ్యాను ఆపండి, పసిపిల్లలను దూరంగా తీసుకుపోండి, చేటను కిందికి ఆనించి వంచమని చెప్పండి. ఎందుకని అమ్మ అడిగితే ఎండ పొడ దగ్గరికి తీసుకుపోయి చూపండి. కంటికి కనిపించాక ఎవరికీ ఇంకో రుజువు అక్కరలేదు.